64 కిలోల మనిషికి ఫ్యాటీ లివర్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. నా వయసు 36. మాది నల్గొండ జిల్లా. హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ చూస్తుంటాను. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 64 కిలోలు. పెళ్లినాటికీ ఇంతే బరువు, ఇప్పుడూ ఇంతే. ప్యాంటు సైజు మాత్రం 30 నుంచి 34కి వచ్చింది. సిగరెట్ లేదు, మందు ముట్టను. ఈమధ్య కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీశారు. నొప్పి గ్యాస్ వల్లే అన్నారు, తగ్గిపోయింది. కానీ రిపోర్టులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని ఉంది. అదేమిటని అడిగితే, "సన్నగానే ఉన్నారు కదా, గ్రేడ్ వన్ ఇప్పుడు అందరికీ ఉంటోంది, వదిలేయండి" అన్నారు అక్కడి డాక్టరు.

మనసు ఊరుకోక రక్తపరీక్షలు చేయించుకున్నాను. ఎస్‌జీపీటీ 58, ఎస్‌జీఓటీ 41, ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు, పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ 6.0, ట్రైగ్లిజరైడ్లు 238, హెచ్‌డీఎల్ 34. నాన్నగారికి షుగర్ ఉండేది, 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. మా మామగారు రిపోర్టు చూసి "తాగనోళ్లకు లివర్ ఎట్ల ఖరాబైతది అల్లుడూ?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, అప్పటినుంచి ఇంట్లో అందరి చూపూ మారింది. నూనె, నెయ్యి మొత్తం మానేశాను. పొద్దున రాగిజావ, రెండు పూటలా అన్నం, సాయంత్రం పండ్లరసం, రోజుకు ఐదు టీలు. రాత్రి భోజనం అయ్యేసరికి పది దాటుతుంది. తెలిసినవాళ్లు లివర్ శుభ్రమవుతుందని ఒక చూర్ణం ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. బరువు తగ్గమని అందరూ అంటున్నారు, నేను ఇంకెక్కడ తగ్గాలి? ఇది సిర్రోసిస్ దాకా పోతుందా? నాలాగే సన్నగా ఉండే తమ్ముడికీ, మా ఎనిమిదేళ్ల బాబుకూ పరీక్షలు చేయించాలా? నా పేరు వేయకండి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందుగా మీ మామగారి మాట సంగతి. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. మద్యం చుక్క ముట్టనివాళ్లకూ లివర్‌లో కొవ్వు చేరుతుంది. మన దేశంలో ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో అలాంటివాళ్లు కోట్లలో ఉంటారు. తాగుడువల్ల వచ్చే ఫ్యాటీ లివర్ వేరే ఉంది. మీ రిపోర్టులో ఆ జాడ కూడా కనిపించడం లేదు: లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే రెండు ఎంజైములలో తాగేవాళ్లకు సాధారణంగా ఎస్‌జీఓటీ ఎక్కువగా, ఎస్‌జీపీటీ తక్కువగా ఉంటుంది, మీకు అది తిరగబడి ఉంది. చేయని తప్పుకు ఇంట్లో తల దించుకుని తిరగాల్సిన అవసరం మీకు లేదు. ఈ అనుమానానికి భయపడి స్కానింగ్ రిపోర్టులను బీరువాలో దాచేసేవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, చూస్తూనే ఉంటాను. ఆ దాపరికంవల్ల పోయేది వాళ్ల ఆరోగ్యమే.

"అందరికీ ఉంటోంది, వదిలేయండి" అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. చాలామందికి ఉంటోందన్నది నిజం. హైదరాబాద్‌లోనే 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉన్నట్టు తేలింది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని లెక్కలు చూసే మీ పనికీ వాళ్ల పనికీ పెద్ద తేడా లేదు. అయితే ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన ఒక జబ్బు మామూలు విషయం అయిపోదు. పైగా మీ విషయంలో ఆ స్కానింగ్ ఒక్కటే లేదు. పక్కన రక్తపరీక్షలు కూడా ఉన్నాయి. అవి నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి.

మీ ఎత్తుకూ బరువుకూ లెక్కేస్తే బీఎంఐ సుమారు 21.5. మన దేశంవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటాం. యూరప్, అమెరికా వాళ్లకు ఈ గీతలు 25, 30 దగ్గర ఉంటాయి. ఏ లెక్కన చూసినా మీరు సన్నటివారే. కానీ మీరు ఉత్తరంలో మాటవరసకు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: బరువు మారలేదు, ప్యాంటు సైజు 30 నుంచి 34కి వచ్చింది. ఆ మాటలోనే మీ జబ్బు చరిత్ర అంతా ఉంది. బరువు కదలకుండా నడుము నాలుగంగుళాలు పెరిగిందంటే ఈ ఏళ్లలో మీ తొడల్లో, భుజాల్లో ఉన్న కండ కొంత కరిగిపోయింది, ఆ మేరకు పొట్టలో కొవ్వు చేరింది. రెండూ సరిసమానం కావడంతో తూకం యంత్రానికి తేడా తెలియలేదు.

రేపు పొద్దున పరగడుపున ఒక పని చేయండి. దర్జీ టేపు తీసుకుని, పక్కటెముకల్లో చివరి ఎముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, బొడ్డుకు కాస్త అటూఇటూగా, చర్మానికి ఆనించి చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు. మామూలుగా ఊపిరి వదిలాక కొలత చూడండి. ప్యాంటు సైజును నమ్మొద్దు, మనం ప్యాంటును పొట్ట కిందకు జార్చి కట్టుకుంటాం కాబట్టి అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. మీది 90 దాటి ఉంటుందని నా అంచనా. దాటకపోయినా మీ రక్తపరీక్షలు చెప్పే సంగతి మారదు.

సన్నటి భారతీయుడి ఒంట్లో ఏముంటుందో చూపించే ఒక ఫొటో చాలామంది వైద్యులకు తెలుసు. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్నది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిస్తే మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. మన పిల్లలు పుట్టినప్పుడే తక్కువ బరువుతో, తక్కువ కండతో పుట్టినా ఒంట్లో కొవ్వును మాత్రం కాపాడుకునే పుడతారని యాజ్నిక్ బృందం పుణే చుట్టుపక్కల పల్లెల్లో చేసిన పరిశోధనలు చెప్పాయి. మీ బక్కతనం మీ తప్పు కానట్టే, ఈ లోపలి కొవ్వులో కూడా పుట్టుకతో వచ్చిన పాలు కొంత ఉంది.

ఇది పట్నం వాళ్ల జబ్బు, తిని కూర్చునేవాళ్ల జబ్బు అనుకుంటారు కానీ, పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం జిల్లా పల్లెల్లో దాదాపు 1,900 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనం ఇంకోలా చెప్పింది. పేద పల్లెలు, ఒంటి కష్టం చేసుకునే మనుషులు. అక్కడ 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. ఉన్నవాళ్లలో నూటికి 75 మంది బీఎంఐ 25 లోపే. సగానికి పైగా మందికి అధిక బరువూ లేదు, పొట్టా లేదు. ప్రపంచం మొత్తం మీద చూసినా ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరు సన్నగా ఉన్నవాళ్లే. కాబట్టి "నాకెలా వచ్చింది" అని ఆశ్చర్యపోతున్నవాళ్లలో మీరు ఒంటరి కాదు.

ఇక అది ఎలా వస్తుందో చెప్తాను, ఎందుకంటే మీరు నూనె మానేసి జావ తాగడం మొదలుపెట్టిన చోటే దారి తప్పారు. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చాక, దాన్ని ఎక్కువగా దాచుకునేది ఒంట్లోని కండరాలు. వాటిని ఇంటి గాదె అనుకోండి. గాదె పెద్దదిగా ఉండి, తలుపు సులువుగా తెరుచుకుంటే ధాన్యం ఎంతొచ్చినా సర్దుకుంటుంది. కండ తక్కువై, ఉన్న కండ కూడా, చక్కెరను లోపలికి తీసుకోమని చెప్పే ఇన్సులిన్ హార్మోన్ మాట వినకపోతే ఆ తలుపు బిగుసుకుపోతుంది. అప్పుడు మిగిలిన చక్కెరంతా లివర్‌కు చేరుతుంది, లివర్ దాన్ని కొవ్వుగా మార్చేస్తుంది. కొంత తన దగ్గరే పెట్టుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. మీ 238 అక్కడినుంచి వచ్చిందే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో ప్రచురించిన పరిశోధనలో ఈ సంగతి స్పష్టంగా చూపించారు. వాళ్లు పరీక్షించింది ఆరోగ్యంగా కనిపించే సన్నటి యువకులనే. వాళ్లలో కండరాలు ఇన్సులిన్‌కు లొంగనివాళ్లకు పిండిపదార్థం ఎక్కువున్న భోజనం పెడితే, అదే భోజనం తిన్న మిగతావాళ్లకంటే లివర్‌లో కొత్తగా కొవ్వు తయారవడం రెట్టింపుకు మించింది. కంచంలో ఉన్నది పిండి, లివర్‌లో తేలింది కొవ్వు.

పండ్లరసంతో ఇంకో ఇబ్బంది ఉంది. పండ్లలో, పంచదారలో ఉండే ఫ్రక్టోజ్ ఎక్కువ మోతాదులో వస్తే దాని బరువంతా దాదాపుగా లివర్ మీదే పడుతుంది. ఒక బత్తాయి తింటే పీచుతో కలిసి మెల్లగా వెళ్తుంది, కడుపూ నిండుతుంది. గ్లాసు రసానికి నాలుగు కాయలు పిండుతారు, రెండు నిమిషాల్లో తాగేస్తాం. మీరు లివర్ కోసం తాగుతున్న ఆ గ్లాసు లివర్‌కే భారం. రేపటినుంచి మానేయండి, కాయ కోసుకుని తినండి.

ఇప్పుడు మీ రిపోర్టు. లివర్‌లో కొవ్వు ఉన్నవాళ్లకు అది మెటబాలిక్ జబ్బు అవునా కాదా అని తేల్చడానికి ఐదు విషయాలు చూస్తాం. పొట్ట లేదా బరువు, షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్). వీటిలో ఒక్కటి హద్దు దాటినా చాలు. మీకు షుగర్ దాటింది: పరగడుపున 100కు పైన, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7కు పైన ఉంటే దాన్ని షుగర్ జబ్బుకు ముందుదశ అంటాం. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి, దాటాయి. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40కి పైన ఉండాలి, మీకు లేదు. నడుము కూడా దాటితే నాలుగు. బీపీ గురించి మీరు రాయలేదు, ఎవరూ చూడలేదేమో. ఈ వారంలోనే చూపించుకోండి. 2023లో ఈ జబ్బు పేరు మార్చి అందులో మెటబాలిక్ అనే మాట చేర్చారు కాబట్టి, ఇకమీదట మీ రిపోర్టుల్లో ఎంఏఎస్ఎల్‌డీ అని కనిపిస్తే కొత్త జబ్బనుకుని కంగారుపడకండి, ఇదే అది.

సిర్రోసిస్ గురించి, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం గురించి అడిగారు. అందులో మీకు ధైర్యం చెప్పగలను. లివర్‌లో మచ్చలు పడి గట్టిపడే అవకాశం ఎంతుందో తెలుసుకోవడానికి ఫిబ్-4 అనే ఒక చిన్న లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదాన్ని, వేలల్లో రాసిన ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. మీరు అకౌంట్స్ మనిషి, ఒకసారి వేసి చూసుకోండి: 36ను 41తో గుణిస్తే 1,476. 58కి వర్గమూలం 7.6, దాన్ని 230తో గుణిస్తే సుమారు 1,750. భాగిస్తే 0.84. ఇది 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం బాగా తక్కువ. 2.67 దాటితే నిపుణుడి దగ్గరకు వెళ్లాల్సిందే. మధ్యలో ఉన్నవాళ్లకు లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తాం. మీకు ఇప్పుడు ఫైబ్రోస్కాన్ తప్పనిసరి కాదు. సన్నగా ఉన్నంత మాత్రాన లివర్ గట్టిపడదని మాత్రం అనుకోవద్దు. సన్నటివాళ్లలోనూ సిర్రోసిస్ చూస్తాం, "మీకేమీ కాదు" అని పంపేయడంవల్ల ఆలస్యంగా చూస్తాం. అందుకే ఈ లెక్కను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వేయాలి.

మీ గురించి నాకున్న అసలు భయం గుండె గురించి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది గుండెజబ్బే, లివర్ జబ్బు ఆ తర్వాతే వస్తుంది. నాన్నగారు 54 ఏళ్లకు గుండెపోటుతో పోయారన్నారు. తండ్రికి లేదా అన్నదమ్ములకు 55లోపు గుండెజబ్బు వస్తే మనం దాన్ని వంశంలో ఉన్న ముప్పుగా లెక్కిస్తాం. ఆయన కూడా మీలాగే సన్నగా ఉండేవారా? మీరు రాయలేదు గానీ, అలాంటి కుటుంబాల్లో చాలాసార్లు అవుననే జవాబు వస్తుంది. మీ లిపిడ్ రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) ఎంతుందో కూడా చూడండి. డాక్టరు గుండె కోసం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే "లివర్ పాడవుతుందట" అని పక్కన పెట్టకండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు స్టాటిన్ వాడుకోవచ్చు, దానివల్ల వాళ్లకు మేలే.

సన్నటివాళ్ల విషయంలో వైద్యులు అదనంగా చేయాల్సిన పని ఒకటుంది: కొవ్వు చేరడానికి ఇంకో కారణం ఏదైనా దాగి ఉందేమో వెతకడం. మీకు హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, థైరాయిడ్ పరీక్ష చేయించమంటాను. బీ లేదని తేలితే టీకా వేయించుకోండి. నలభై లోపు వయసు కాబట్టి విల్సన్ జబ్బు కోసం సెరులోప్లాస్మిన్ అనే పరీక్ష కూడా ఒకసారి చేయిస్తే మంచిది. అది లివర్‌లో రాగి పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు, అరుదు, కానీ తొందరగా పట్టుకుంటే మందులున్నాయి. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, అమియోడరోన్, వాల్‌ప్రోయేట్, టమాక్సిఫెన్ లాంటి మందులు ఎక్కువకాలం వాడినా లివర్‌లో కొవ్వు చేరుతుంది. ఒళ్లు పెరగాలని జిమ్‌లో ఇచ్చే పొడులు, సూదులు ఎప్పుడైనా వాడి ఉంటే అది కూడా మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇవన్నీ కాకుండా పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉంది, 2008లో కనుక్కున్నారు. అది ఉన్నవాళ్లకు బరువు లేకపోయినా లివర్‌లో కొవ్వు ఎక్కువ చేరుతుంది. దానికోసం వేలు ఖర్చుపెట్టి పరీక్ష చేయించుకోవాల్సిన పని లేదు, ఉన్నా లేకపోయినా మీరు చేయాల్సినవి ఒకటే.

ఇంకెక్కడ తగ్గాలి అన్నారు. తగ్గాల్సింది కొంచెమే. లావుగా ఉన్నవాళ్లు లివర్ కొవ్వు పోగొట్టుకోవడానికి ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గాలి. సన్నగా ఉన్నవాళ్లకు 3 నుంచి 5 శాతం తగ్గినా చాలా తేడా కనిపిస్తుంది. హాంకాంగ్‌లో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, లావు కానివాళ్లు అంత మాత్రం తగ్గితేనే సగంమందికి ఫ్యాటీ లివర్ పోయింది. మీ లెక్కన అది రెండు మూడు కిలోలు. ఆ రెండు మూడు కిలోలూ పొట్టనుంచి పోవాలి. ఉపవాసాలు చేసి, ఒక పూట తిండి మానేసి తగ్గించుకుంటే ముందు కరిగేది మీకున్న కాస్త కండే. మరీ వేగంగా తగ్గితే లివర్ వాపు పెరిగే ప్రమాదం కూడా ఉంది. ఆరు నెలల్లో నడుము రెండంగుళాలు తగ్గి, బరువు ఒక కిలో మాత్రమే తగ్గినా నాకు సంతోషమే.

తిండిలో అన్నిటికంటే ముందు టీలు. ఐదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార వేసుకుంటే పది చెంచాలు, అంటే 40 నుంచి 50 గ్రాములు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజంతటికీ 25, 30 గ్రాములు దాటకూడదు. టీ కొట్టు దగ్గర తాగే టీలో ఎంత వేస్తారో మనం అడగం కూడా. రెండు టీలకు దిగండి, పంచదార అర చెంచాకు తెచ్చి, ఆపైన మానేయండి. మొదటి పది రోజులు చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక అలవాటు పడుతుంది. కాఫీ అలవాటుంటే పంచదార లేకుండా రోజుకు రెండు మూడు కప్పులు తాగొచ్చు, కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చలు తక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. టీతోపాటు ఉస్మానియా బిస్కెట్లు, సమోసా తింటుంటే వాటినీ లెక్కలో వేసుకోండి.

రాగిజావ చెడ్డదని చెప్పను. కానీ మెత్తగా పిండి పట్టించి, ఉడికించి, పలచగా తాగేస్తే అది కూడా త్వరగా చక్కెరగా మారే పిండిపదార్థమే. కడుపు తొందరగా ఖాళీ అవుతుంది, పదకొండింటికి బిస్కెట్ మీదకు చేయి పోతుంది. పొద్దున రెండు కోడిగుడ్లు, పచ్చసొనతో సహా, ఒక జొన్నరొట్టెతో తినండి. గుడ్డు తినకపోతే రెండు పెసరట్లు. అన్నం రెండు పూటలా తినండి, కానీ ఇప్పుడు పెట్టుకునేదానిలో మూడోవంతు తగ్గించి ఆ జాగాలో కూర, పప్పు పెంచండి. మన ఇళ్లల్లో పప్పు పేరుతో చేసేది సగంసార్లు పప్పుచారే, గరిటెతో తిప్పితే పప్పు బద్ద దొరకదు. గట్టిపప్పు చేయించుకోండి. మీకు రోజుకు 60, 65 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లకు 12, చేప లేదా చికెన్ వంద గ్రాములకు 20, పప్పు, పెరుగు, ఉడకబెట్టిన శనగలు, గుప్పెడు పల్లీలు కలిస్తే సరిపోతుంది. ఇంతకుముందు ఎంత తినేవారో నాకు తెలియదు గానీ, మీరు రాసిన ఇప్పటి తిండిలో అందులో సగం కూడా లేదు.

నూనె మళ్లీ మొదలుపెట్టండి. పల్లీనూనె, నువ్వులనూనె, ఏదైనా రోజుకు నాలుగైదు చెంచాలు వాడుకోవచ్చు. మరిగిన నూనెలో మళ్లీమళ్లీ వేయించినవి, బేకరీ సరుకు, వనస్పతి మానండి. నూనె పూర్తిగా మానేసినవాళ్లు ఆకలికి అన్నం ఎక్కువ తినడం నేను రోజూ చూస్తున్నదే. రాత్రి భోజనాన్ని ఎనిమిదింటికి తేవడానికి ప్రయత్నించండి. మార్చి, సెప్టెంబర్‌లలో ఆడిటర్ ఆఫీసులో పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజుల్లో మధ్యాహ్నపు డబ్బాతోపాటు రాత్రికి కూడా ఒక చిన్న డబ్బా తీసుకెళ్లి ఏడున్నరకే తినేయండి, ఇంటికొచ్చాక ఆకలేస్తే మజ్జిగ తాగండి.

వ్యాయామం అంటే అందరూ నడక అంటారు. నడక కావాలి, వారానికి 150 నిమిషాలు చెమటపట్టేలా. భోజనమయ్యాక పది నిమిషాలు నడిస్తే ఇంకా మంచిది. యేల్ పరిశోధకులే 2011లో మరోటి చూపించారు: ఇన్సులిన్ మాట వినని సన్నటి యువకులతో ఒక్కసారి 45 నిమిషాలు వ్యాయామం చేయిస్తే, ఆ తర్వాత తిన్న భోజనంనుంచి లివర్‌లో తయారయ్యే కొవ్వు తగ్గింది. ఒక్కసారికే. అయితే మీలాంటి బక్కపలచటి మనిషికి నడక ఒక్కటే చాలదు, కండ పెరగాలి. జిమ్‌కు వెళ్లలేకపోతే గుంజీళ్లున్నాయి, దండీలున్నాయి. ఒకప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీళ్లు తొడలకు చాలా మంచి వ్యాయామం. ఒంట్లో అతిపెద్ద కండరాలు ఉన్నది అక్కడే. రోజు విడిచి రోజు, పదేసి చొప్పున మూడు విడతలు తీయండి. దండీలు నేలమీద రాకపోతే గోడకు చేతులానించి మొదలుపెట్టండి, ఆ తర్వాత బల్లకు, ఆ తర్వాత నేలకు. తేలిగ్గా అనిపించినప్పుడల్లా సంఖ్య పెంచండి, వీపుకు పుస్తకాలు నింపిన బ్యాగు తగిలించుకోండి. మొదలుపెట్టే ముందు మాత్రం, నాన్నగారి చరిత్ర ఉంది కాబట్టి, బీపీ, ఈసీజీ ఒకసారి చూపించుకోండి. వ్యాయామంలో ఛాతీ బిగుతుగా అనిపిస్తే అక్కడితో ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఆ చూర్ణం వాడొద్దు. లివర్‌ను శుభ్రం చేసే పొడి అంటూ ఏదీ లేదు. పసరు మందులు మింగి, పచ్చకామెర్లు ముదిరాక ఆసుపత్రికి వచ్చేవాళ్లను మన రెండు రాష్ట్రాల్లో చూడని డాక్టరు ఉండడు. కరోనా రోజుల్లో తిప్పతీగ ఇష్టమొచ్చినట్టు వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై వైద్యులు వైద్యపత్రికల్లో రాశారు. ఏముందో చీటీ లేని పొడి అయితే మరీ ప్రమాదం. మందుల షాపులో ఇచ్చే లివర్ టానిక్కులవల్ల కొవ్వు తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. విటమిన్ ఈ కొందరికి రాస్తాం, లివర్ ముక్క తీసి పరీక్ష చేశాక, షుగర్ లేనివాళ్లకు. సొంతంగా వేసుకోవద్దు. రెస్మెటిరోమ్ అనే మందుకు 2024లో, సెమాగ్లుటైడ్ అనే మందుకు 2025లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది కానీ, అవి లివర్‌లో ఓ మోస్తరునుంచి ముదిరిన మచ్చలు పడి, ఇంకా సిర్రోసిస్ రానివాళ్లకు. ఇప్పటికి మీకు వాటి అవసరం కనిపించడం లేదు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, లిపిడ్లు, ఎస్‌జీపీటీ మళ్లీ చేయించండి. మొదట కదిలేది ట్రైగ్లిజరైడ్లు, తర్వాత ఎస్‌జీపీటీ. ల్యాబ్ చీటీలో ఎస్‌జీపీటీ 45, 50 దాకా మామూలే అని అచ్చేస్తారు గానీ, మగవాళ్లకు 33, ఆడవాళ్లకు 25 దాటకుండా ఉంటే మంచిదని లివర్ నిపుణులు అంటారు. స్కానింగ్ ఏడాది దాకా అక్కర్లేదు. మామూలు అల్ట్రాసౌండ్‌కు కొవ్వు ఇరవై ముప్ఫై శాతం లోపుంటే సరిగ్గా కనిపించదు, గ్రేడు చెప్పడంలో చూసేవాళ్ల కంటినిబట్టి తేడా వస్తుంది. గ్రేడ్ 1 అలాగే ఉందని నిరుత్సాహపడకండి. ఎప్పుడైనా కళ్లు పచ్చబడినా, కాళ్లు, పొట్ట ఉబ్బినా, మలం నల్లగా తారులా వచ్చినా ఆలస్యం చేయొద్దు.

బాబుకు పరీక్షలేవీ వద్దు. ఇంట్లో పండ్లరసాలు, కూల్‌డ్రింకులు, బిస్కెట్ ప్యాకెట్లు తేవడం మానేసి సాయంత్రం ఒక గంట ఆడుకోనివ్వండి. తమ్ముడికి మాత్రం చేయించాలి. అతనికీ నాన్నగారి రక్తమే వచ్చింది కాబట్టి, ముందు నడుము, బీపీ కొలిపించి, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, లిపిడ్లు, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లు చూడమనండి. స్కానింగ్‌తో మొదలుపెట్టాల్సిన పని లేదు. రక్తపరీక్షల్లో ఏదైనా హద్దు దాటితే అప్పుడు తీయించవచ్చు. రిపోర్టులొచ్చాక ఇద్దరివీ కలిపి, మీ బీపీ, నడుము కొలత, ఎల్‌డీఎల్ కూడా రాసి నాకు పంపండి.